ఆయుధపూజ నాడు ఆగిన పాట

ఎర్రగుంట్ల బజారులోని శివాని ఫోటో స్టూడియోలో, లోపలి గదిలో కూర్చునే కృపమణిని చూసినవాళ్లు తక్కువ. ఆమె చేతిపని చూడనివాళ్లు అంతకన్నా తక్కువ. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లి ఆల్బమ్ తిరగేసినా, పెళ్లికూతురి బుగ్గ మీది మొటిమ తీసింది ఆమె. ఫోటో తీసే క్షణానికి సరిగ్గా కళ్లు మూసుకున్న పెదనాన్న చేత కళ్లు తెరిపించింది ఆమె. అలిగి ఫోటోకు రాని మేనమామను వేరే ఫోటోలోంచి తెచ్చి, అందరి పక్కన నవ్వుతూ నిలబెట్టింది కూడా ఆమే. ఇళ్లలో కుదరని రాజీలు ఎన్నో ఆల్బముల్లో కుదిర్చింది. చనిపోయిన తండ్రిని కూతురి పెళ్లి ఫోటోలో కలపమని ఎవరైనా వస్తే మాత్రం ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు. వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసి, ఆయన చెయ్యి కూతురి భుజం మీద ఆనేలా కూర్చి, తనకు తృప్తి కలిగేదాకా ఎవరికీ చూపించేది కాదు. అరకొర పని చేయి దాటనివ్వకపోవడం ఆమె పద్ధతి.

ఇంత పనితనం ఉన్న మనిషి తన ఇంటి పని ఒకే ఒక్కటి ఎల్లుండికి వాయిదా వేసింది. దాని గురించే ఈ కథ.

కృపమణి సొంతూరు ఎర్రగుంట్లకు దగ్గర్లోనే, బస్సు దిగి లోపలికి నడవాల్సిన పల్లె. ఊరికి ఒక పక్క నాపరాయి గనులు, ఇంకో పక్క చర్చి, చర్చిని ఆనుకుని వాళ్ల పేట. తండ్రి దాసన్న గనిలో బండలు లేపే కూలీ. తల్లి రాహేలమ్మ శనక్కాయలు పెరకడానికో, పత్తి ఏరడానికో, ఏ పనికి పిలిస్తే ఆ పనికి పోయేది. ఇద్దరికీ చదువు రాదు. కానీ ఆదివారం చర్చిలో దాసన్న కంజీర పట్టుకుని లేచాడంటే వెనక వరసలో పిల్లల్ని కసురుకునే తల్లులు కూడా నోరు మూసుకుని వినేవాళ్లు.

వంక ఎండిపోయి, బోర్లు కూడా చేతులెత్తేసిన ఒక కరువు ఏడు దాసన్న ఒక పాట కట్టాడు. "ఎండిన వంకకు నీళ్లై రావయ్యా" అని ఆయన ఎత్తుకుంటే, "నీళ్లకు ముందే నీడై రావయ్యా" అని రాహేలమ్మ అందుకునేది. నీళ్లు ఇచ్చేలోపు కాస్త నీడన్నా ఇమ్మని దేవుణ్ణి అడగాలని తోచింది ఆమెకే. ఆ సంగతి ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. దాసన్నే కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. పల్లవి సంఘమంతా పాడేది. చరణాలు మాత్రం మొగుడూ పెళ్లాలవి. ఒకరు ఒక మాట అంటే రెండో వాళ్లు దాన్ని అందుకుని పైకి ఎత్తేవాళ్లు. అవి ప్రతిసారీ ఒకేలా కూడా ఉండేవి కావు. ఆ ఏడు వాన పడితే ఒక మాట, పడకపోతే ఇంకో మాట. ఎవరూ రాసుకోలేదు. మనుషులు ఎదురుగా కూర్చుని పాడుతుంటే రాసుకోవాలని ఎవరికి తోస్తుంది?

కృపమణి ఇంటర్ వరకు చదివి, కంప్యూటర్ కోర్సు చేసి స్టూడియోలో చేరింది. యజమాని రామకృష్ణారెడ్డిది భూములున్న కుటుంబం. కెమెరా పిచ్చితో సేద్యం తమ్ముడికి వదిలేసి, కూతురి పేరు మీద స్టూడియో పెట్టుకున్నాడు. గొంతు పెద్దది, మనసు మెత్తన. పెళ్లి వీడియోల్లో పాస్టరుగారి మాటలు, పెళ్లి ప్రమాణాలు సరిగా వినబడటం లేదని ఒకసారి ఆయన మంచి రికార్డర్ ఒకటి కొన్నాడు. అది ఎలా పని చేస్తుందో చూద్దామని కృపమణి ఈస్టర్ పండుగకు దాన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఆరాధన అయి వచ్చాక తల్లిదండ్రులిద్దరినీ ముంగిట్లో మంచం మీద కూర్చోబెట్టింది.

"దీంట్లోకి సూసి పాడాల్నా మ్మే?" అన్నాడు దాసన్న.

"సూసేదేం లేదు నాయనా. రోజూ పాడినట్లే పాడు."

ఇద్దరూ ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడారు. కృపమణి దాన్ని స్టూడియో కంప్యూటర్‌లోకి ఎక్కించి, 'అమ్మ నాయన' అని పేరు పెట్టి, ఎప్పటిలాగే రికార్డర్ ఖాళీ చేసి తర్వాతి పెళ్లికి సిద్ధం చేసింది.

ఆ వానాకాలమే రాహేలమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని గోలీ మింగి కూలికి పోయింది. కడపకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచి దాసన్న కంజీర ముట్టలేదు. కృపమణి ఒకటి రెండుసార్లు ఆ పాట తెస్తానంది.

"ఇప్పుడొద్దు మ్మే. ఆయమ్మ గొంతు ఇప్పుడిప్పుడే ఇనలేను" అన్నాడు.

గొంతు ఎత్తకపోవడం, నాలుగడుగులు వేస్తే కూలబడటం, అన్నం సయించకపోవడం, అంతా దుఃఖమే అనుకున్నారు. తీరా ఛాతీ ఫోటో తీయిస్తే దుమ్ము. గనిలో ఇన్నేళ్లు పీల్చిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో గట్టిపడి కూర్చుంది. డాక్టరు మందులు రాసిచ్చి, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకోమన్నాడు. బాగవుతుందని మాత్రం అనలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని కృపమణిని అడిగేవాళ్లు ఆ ఊళ్లో కావలసినంతమంది ఉన్నారు. ఆ యంత్రం పక్కన ఒక్క పూట తాము కూర్చుంటామని వచ్చినవాళ్లు లేరు. అందుకే ఆమె అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం మానేసింది.

పోయినేడు దసరాలో, దుర్గాష్టమి నాటి పొద్దున, ఆమె బస్సుకు బయల్దేరుతుంటే దాసన్న చెయ్యి ఊపి పిలిచాడు. ఒక మాటకు, ఇంకో మాటకు నడుమ ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"మ్మే... ఆ పాట తెస్తావా. మీయమ్మ గొంతు... ఒకసారి ఇంటా. ఇంగ ఎన్నాళ్లో... నాకు తెలిసిపోతాంది."

తండ్రి ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కృపమణి స్టూడియోకు వెళ్లి, పని తీరిక కాగానే చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఫైలు తెరిచింది. "ఎండిన వంకకు నీళ్లై రావయ్యా" అని తండ్రి గొంతు, ఎప్పటి గొంతో, ఖంగుమని పలికింది. ఆమె గబుక్కున ఆపేసింది. తర్వాత వచ్చేది తల్లి గొంతు. అది ఒంటరిగా వినకూడదు, నాయన పక్కన కూర్చుని ఇద్దరమూ వినాలి అనుకుంది. పైగా ఆ ఒక్క వరసలోనే గాలి హోరు, పక్కింటి కోడి కూత, దూరాన గనిలో మిషన్ రొద వినబడ్డాయి. ఇదంతా శుభ్రం చేసి, అమ్మ మాట స్పష్టంగా తేల్చి తీసుకెళ్దాం అనుకుంది. ఎవరెవరి పెళ్లిళ్లకో అంత చేసిన దాన్ని, నా అమ్మానాయనలకు చేయనా అనుకుంది. అలాగే ఫోన్‌లోకి ఎక్కించుకుని వెళ్లి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సాయంత్రానికి కంప్యూటర్ లోపల డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. అది పాతబడింది. కృపమణికి భయం వేసింది. ఆ కంగారులో పాట ఒక్కటీ ముందు ఫోన్‌లోకి తీసుకోవాలని తోచలేదు. స్టూడియో పనంతా బయటి డిస్కులోకి బ్యాకప్ అయ్యేలా కడప నుంచి భూపేష్ అనే మెకానిక్ వచ్చి ఎప్పుడో సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లాడు. పెళ్లిళ్లన్నీ అందులో ఉన్నాయి. తన సొంత ఫోల్డర్ మాత్రం ఆమె ఎన్నడూ పెట్టలేదు. యజమాని డిస్కులో తన సామాను పెట్టడానికి ఆమెకు మొహమాటం.

"అన్నా, నాదొక ఫోల్డర్ బ్యాకప్‌లో పెట్టుకోవచ్చా?"

"అదేం అడిగేదమ్మా? పెట్టుకోరాదా!" అన్నాడు రామకృష్ణారెడ్డి, కెమెరా కటకాలు తుడుస్తూ.

పెట్టింది. జబ్బు డిస్కు కదా, పని ముక్కుతూ మూలుగుతూ సాగుతోంది. ఇంటికి పోయే బస్సుకు వేళైంది. రేపు ఆయుధపూజ. ఆ పూజ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

ఆయుధపూజ నాడు రామకృష్ణారెడ్డి స్టూడియోలోని ప్రతి యంత్రాన్నీ ఆపేస్తాడు. కెమెరాలు, లైట్లు, ప్రింటర్, కంప్యూటర్ అన్నింటికీ ఆ రోజు విశ్రాంతి. మెయిన్ స్విచ్ దించి, గంధం కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొడతాడు. కృపమణి చేరిన మొదటి ఏడు ఆయన కుంకుమ గిన్నె పట్టుకుని ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి, గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆమె లేచి, ఉండాలో వెళ్లాలో తెలియక నిలబడింది. ఇద్దరికీ ముళ్ల మీద నిలబడ్డట్టైంది. మరుసటి ఏటి నుంచి ఆయనే ముందుగా "ఆ దినం నువ్వు రాబాకలే మణీ" అనడం, ఆమె "సరేన్నా" అనడం అలవాటైంది. ఎవరి మనసూ నొప్పించని ఏర్పాటు. అన్నేళ్లలో ఆ పూజ గురించి వాళ్ల మధ్య ఇంకో మాట నడవలేదు.

ఆ సాయంత్రం కృపమణి గడప దగ్గర నిలబడి, "ఇది అయిపోయేదాకా కంప్యూటర్ ఆపబాకన్నా" అనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పూజకు తాను అడ్డు చెప్పినట్టుంటుందేమో, చర్చికి పోయే పిల్ల కాబట్టి అలా అంటోందని అనుకుంటాడేమో అనిపించింది. పొద్దుటికి అదే అయిపోతుందిలే అనుకుంది.

"రేపు రాబాకలే మణీ, ఎల్లుండి రా" అన్నాడు ఆయన.

"సరేన్నా" అని బస్సుకు వెళ్లింది.

మరునాడు పొద్దున రామకృష్ణారెడ్డి తలస్నానం చేసి వచ్చేసరికి బయటి డిస్కు మీద చిన్న లైటు ఇంకా ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇదేదో పని చేస్తోందే, మణిని అడుగుదామా అని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. సెలవు ఇచ్చి మళ్లీ పూజ విషయమై ఫోన్ చేయడం ఏం బాగుంటుంది అనిపించింది. ఫోన్ పక్కన పెట్టి, మెయిన్ స్విచ్‌ను తాకి కళ్లకు అద్దుకుని, దించాడు.

ఆ ఎల్లుండి కంప్యూటర్ లేవలేదు. అప్పటికే జబ్బుపడిన పాత డిస్కు, ఈసారి ఆగి చల్లబడ్డాక మళ్లీ తిరగలేదు. టిక్కుమనడం కూడా లేదు. కుంకుమ లోపల పడిందేమోనని రామకృష్ణారెడ్డి ఊదాడు, తుడిచాడు, దండం కూడా పెట్టాడు. కృపమణి బయటి డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తెరిచింది. డేటాబేస్ పాడైంది, తెరవడం కుదరదు అని తెర మీద వచ్చింది. ఆమె మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ అదే వచ్చింది.

కడప నుంచి భూపేష్ వచ్చాడు. అక్కడి ఏడురోడ్ల కూడలి దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడే కానీ తొందరపడని మనిషి. పాత డిస్కు ఇక లేవదని పక్కన పెట్టి, బ్యాకప్ సంగతేమిటో ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"ఈ సాఫ్ట్‌వేర్ ఫైళ్లను ఉన్నదున్నట్టు దాచదన్నా. ముక్కలు ముక్కలు చేసి, మూటలు కట్టి పెడతాది. ఏ ముక్క యా మూటలో ఉండాది, దేని తర్వాత ఏది రావాల, అదంతా ఈ డేటాబేస్‌లో ఉంటాది. అది రాసుకుంటా ఉండంగానే కరెంటు తీసినారు. మూటలు బాగానే ఉండాయి. వాటి గుర్తులు పోయినాయి."

కృపమణికి అర్థమైంది. పాత ఇల్లు విప్పి వేరే చోట కట్టేటప్పుడు బండల మీద బొగ్గుతో గుర్తులు పెడతారని తండ్రి చెప్పేవాడు. వాన పడి గుర్తులు చెరిగిపోతే బండలన్నీ ఉన్నా ఇల్లు లేనట్టే.

భూపేష్ ముందు ఆ బయటి డిస్కుకు పూర్తిగా ఒక నకలు తీశాడు. ఆ నకలు మీదే పని మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే మరమ్మతు నడిపిస్తే అది సగం దాకా వెళ్లి చేతులెత్తేసింది. ఇక పాడైన డేటాబేస్‌ను పక్కన పెట్టేసి, ఒక్కో మూట విప్పించి, లోపల ఉన్న ముక్కలు చదివించి, కొత్త డేటాబేస్ మొదటినుంచి రాయించడమే దారి. అది నత్తనడకన సాగే పని. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. రామకృష్ణారెడ్డి ఎవరి దగ్గరో ఇన్వర్టర్ తెచ్చి పెట్టించి, మెయిన్ స్విచ్ మీద తన తువ్వాలు కప్పి, ఎవరూ దాని దగ్గరికి పోకుండా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆల్బముల కోసం వచ్చినవాళ్లను అక్కడినుంచే అరిచి పంపించేవాడు. మామూలు రోజుల్లో అయితే కృపమణి నవ్వేదే.

ఇన్ని పెళ్లిళ్లు పోయాయేమోనని ఆయన విలవిల్లాడుతుంటే నా పాట సంగతి ఎలా చెప్పడం అని ఆమె నోరు మెదపలేదు. ఇంటికెళ్తే తండ్రి తలుపు వైపే చూస్తూ ఉండేవాడు.

"తెచ్చినావా?"

"శుభ్రం చేస్తాండా నాయనా. శానా గాలి హోరు ఉండాది దాంట్లో."

"హోరుంటే ఉండనీలే మ్మే" అన్నాడు ఒకసారి. కృపమణి ఆ మాటకు వంటింట్లోకి వెళ్లి, నీళ్ల బిందె మూతి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

చివరికి ఒక మధ్యాహ్నం కొత్త డేటాబేస్ తయారైంది. పెళ్లిళ్లన్నీ పేర్లతో సహా వరసగా తెర మీదికి వచ్చాయి. రామకృష్ణారెడ్డి కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న వేసింది. ఒక ఫైలుకు చాలా ముక్కలు దొరకలేదు, దాన్ని తీసేయాలా అని.

"ఇది తీసేస్తే మిగిలిందంతా శుభ్రంగా నడుస్తాది" అని భూపేష్ మౌస్ కదిలించి, పేరు చదివాడు. "'అమ్మ నాయన'. ఇదెవరిదక్కా?"

"నాది" అంది కృపమణి.

ఆ గొంతు విని భూపేష్ మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. రామకృష్ణారెడ్డి కుర్చీలోంచి లేచి వచ్చాడు. అప్పుడు ఆమె అంతా చెప్పింది. తండ్రి అడిగిన పాట, ఆ సాయంత్రం పెట్టిన ఫోల్డర్, నాలుక చివర ఆగిపోయిన మాట. చెప్తూ చెప్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఆ గదిలో ఏడవడం అదే మొదలు.

"లైటు ఎలగతా ఉంటే సూసినా మణీ. నీకు ఫోన్ చేద్దామని చేతికి గూడా తీసుకున్యా. నీకు ఇబ్బందేమోనని..." అన్నాడు ఆయన.

ఇద్దరిలో ఒక్కరు కాస్త మోటుగా ఉండి ఉంటే ఆ పాట దక్కేది. ఒకరినొకరు నొప్పించకూడదన్న మంచితనమే వాళ్ల కొంప ముంచింది. ఇందులో ఎవర్ని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

భూపేష్ ఆ ఫైలు తీసేయలేదు. దొరికిన ముక్కలు దొరికిన చోటే ఉంచి, దొరకని చోటంతా ఖాళీ పెట్టి పైకి తీశాడు. "ముక్కలు వరసగా పోవక్కా. ఏ మూట ముందు నిండితే అది ముందు పోతాది. మొదట్లో రోంత, చివర్లో రోంత వచ్చినట్లుండాది. నడమ ఏమీ లేదు. ఏమనుకోబాకక్కా" అన్నాడు. అతని తప్పేమీ లేదు పాపం, అయినా తల వంచుకునే చెప్పాడు.

కృపమణి ఆ ఫైలును అక్కడ వినలేదు. శుభ్రం చేయనూ లేదు. మధ్యలోని ఖాళీని కత్తిరించి మొదలూ చివరా అతికించడం ఆమెకు చిటికెలో పని. దానికీ చెయ్యి రాలేదు. ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి ఎక్కించుకుంది. రామకృష్ణారెడ్డి తన బండి మీద ఆమెను ఊరికి తీసుకెళ్లాడు.

దాసన్న ముక్కుకు గొట్టం పెట్టుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఆక్సిజన్ యంత్రం గురగురమంటోంది. రామకృష్ణారెడ్డి మంచం కోడు దగ్గర కిందనే చతికిలబడ్డాడు. పైన కూర్చోమని కృపమణి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"దాసన్నా, నా చేతులారా నీ పాట పోగొట్టినాను. పూజ అని యంత్రం ఆపేసినా."

దాసన్న సంగతంతా విన్నాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఆయుధపూజ నాడు... గనిలో మాకు గూడా సెలవేనప్పా. గడ్డపారలు, సుత్తెలు... కడిగి పక్కన పెట్టేవాళ్లు. నేను చర్చి మనిషినే... ఐనా నా గడ్డపార నేనే కడిగి పెడతాంటి. ఏడాదంతా బండలు కొట్టింది గదా... దానికీ ఒక దినం ఉండల్ల గదా." మళ్లీ ఆగాడు. "నువ్వేం తప్పు జేసినావప్పా. ఏడవబాక. పెట్టు మ్మే."

కృపమణి ఫోన్‌ను ఆయన గుండెల మీద పెట్టి మీట నొక్కింది.

"ఎండిన వంకకు నీళ్లై రావయ్యా."

తన గొంతే. దాసన్న ఎవరి గొంతో విన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత రావలసింది రాహేలమ్మ. రాలేదు. గాలి హోరు లేదు, కోడి లేదు, గని రొద లేదు. శుభ్రం చేయాలని కృపమణి అనుకున్నవన్నీ పోయాయి. ఏమీ లేని నిశ్శబ్దం.

"నాయనా, ఈడినుంచి ఖాళీ. చివరికి పెడతా ఉండు" అని ఆమె చెయ్యి చాపింది.

దాసన్న ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోనీ. దాన్ని అట్లే పోనీ."

పాట ఎంతసేపు ఉందో అంతసేపూ ముగ్గురూ అలాగే కూర్చున్నారు. యంత్రం గురగురమంటూనే ఉంది. దాసన్న పెదవులు కదలడం మొదలైంది. గొంతు లేదు, మాటలు పెదవుల మీదే. కాసేపు కదిలి ఆగేవి. ఆగిన చోట తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. మళ్లీ కదిలేవి. రాహేలమ్మ అందుకునే చోట ఆయన ఆగుతున్నాడని కృపమణికి తెలిసింది. ఆయనకు వినబడుతోంది. తనకు వినబడటం లేదు. తల్లి మీద, తండ్రి మీద ఆమెకు పట్టలేనంత ఈర్ష్య కలిగింది, ఆ వెంటనే సిగ్గేసింది.

అప్పుడు ఒక్కసారిగా గాలి హోరు తిరిగి వచ్చింది. పాట అప్పటికే అయిపోయి ఉంది. మంచం కిర్రుమంది. ఆ వెనక రాహేలమ్మ గొంతు, ఎదురుగా నిలబడి మాట్లాడినంత దగ్గరగా పలికింది.

"ఇంగ సాలు లేవయ్యా, సంగటి సల్లారిపోతాది. మణి పొద్దన్నుంచీ ఏమన్నా తినిందో లేదో అడుగు."

అంతే. అక్కడితో ఆగిపోయింది.

ఆ రోజు ముంగిట్లో అమ్మ ఆ మాట అన్నట్టే కృపమణికి గుర్తులేదు. రికార్డర్ ఆపే హడావిడిలో ఉండి ఉంటుంది. దాసన్న కళ్ల వెంట నీళ్లు కారి గొట్టం కిందుగా దిండులోకి పోతున్నాయి. ఆయన మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"తిన్యావా మ్మే?"

"తిన్యా నాయనా" అంది కృపమణి. పొద్దున్నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు.

క్రిస్మస్ పాటలవాళ్లు ఇళ్లకు తిరగడం మొదలుపెట్టకముందే దాసన్న పోయాడు. ఆఖరి రోజుల్లో పాట పెట్టమనలేదు. ఆ చివరి మాట ఒక్కటే పెట్టించుకునేవాడు. పెట్టిన ప్రతిసారీ కూతురిని అడిగేవాడు. ఆమె తినే వచ్చి కూర్చునేది, మళ్లీ అబద్ధం ఆడాల్సి రాకుండా.

రాహేలమ్మ పక్కనే ఆయనను పెట్టారు. మట్టి వేస్తుండగా ఎవరో ఆయన పాటే ఎత్తుకున్నారు. సంఘమంతా పల్లవి పాడింది. పాడి, చరణం కోసం ఆగింది. ఎవరికీ రాదు. పాస్టరుగారు కృపమణి వైపు చూశారు. ఆమెకు అక్కడో మాట, ఇక్కడో మాట తోచాయి కానీ ఒకదాని వెనక ఒకటి నిలబడలేదు. తల అడ్డంగా ఊపింది. జనం మళ్లీ పల్లవే ఎత్తుకున్నారు. పూడ్చడం పూర్తయ్యేదాకా ఆ పల్లవే పాడుతూ ఉన్నారు. రామకృష్ణారెడ్డి వెనకాల నిలబడి, రాని పాటకు పెదవులు కదిపాడు.

కృపమణి ఇప్పుడూ ఆ లోపలి గదిలోనే కూర్చుంటుంది. మూసిన కళ్లు తెరిపిస్తుంది, రాని మేనమామలను తెచ్చి నిలబెడుతుంది. ఆల్బమ్ తయారైన రోజే ఇచ్చి పంపేస్తుంది, చిన్నచిన్న లోపాలుంటే ఉండనీ అంటుంది. ఆమె పనితనం తగ్గిందని ఒకరిద్దరు అన్నారు కూడా.

ఈ ఏడు ఆయుధపూజ నాడు ఆమెకు ఎప్పటిలాగే సెలవు. ముంగిట్లో మంచం మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. రామకృష్ణారెడ్డి.

"మణీ, అంతా రెడీగా పెట్టుకున్యా. స్విచ్ కాడ నిలబడుకోని ఉండా. ఆపొచ్చా?"

బ్యాకప్ ముందు రోజు సాయంత్రమే అయిపోయింది. తానే రెండుసార్లు చూసుకుని, డిస్కు తీసి బీరువాలో పెట్టి వచ్చింది. ఆపడానికి ఏ అడ్డమూ లేదు. అయినా కృపమణి పోయినేడు గడప దగ్గర చెప్పకుండా మింగేసిన మాటను ఇప్పుడు చెప్పింది.

"ఇప్పుడే ఆపబాకన్నా. రోంతసేపు ఉండు."

"సరేమ్మా" అన్నాడు ఆయన. ఎందుకని అడగలేదు. కర్పూరం పక్కన పెట్టి, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఆమె చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.